నాలుగో పళ్ళచక్రం

"ఈ సాసు గిన్నె షెడ్డు వాసన కొడుతోంది," అన్నాడు తెత్సురో, చేపముక్క ముంచబోతూ ఆగి.

"రెండుసార్లు కడిగాను," అంది మిసావో.

"మూడోసారి కడగాల్సింది. ఆ ఉక్కు గుళ్ళు పోసుకోడానికి ఇంట్లో ఇంకో గిన్నె దొరకలేదా?"

"తెల్లటిది ఇదొక్కటే. నల్లదాంట్లో పోస్తే కనపడవు. కిందటి నెల ఒకటి చాప సందులోకి దొర్లిపోతే అరగంట వెతికింది మీరు కాదుగా."

"దీపం వేసుకో. అన్నం తినే గిన్నెలో గ్రీజేమిటసలు?"

అత్తగారు ఫుమియె సూపు గిన్నె దించింది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. చెవులు మాత్రం కావలసినప్పుడు బాగా వినపడతాయి.

"ఒరేయ్, ఆ గుళ్ళు ఎవరి బండిలోవి?"

"నా బండిలోవే."

"మరి నీ గిన్నెలో కాక నా గిన్నెలో ఉంటాయా? తిను."

తెత్సురో చేపని సాసు లేకుండానే నమిలాడు. బయట వాన పడుతోంది. ఆదివారం తెన్‌ర్యూ నది ఒడ్డున మట్టి ట్రాకు మీద, రిమోటుతో నడిపే చిన్న బండ్ల క్లబ్బు పోటీ. మంచి ఫలితం వచ్చిన మొదటి ముగ్గురు వచ్చే నెల తొయొహాషిలో పెద్ద పోటీకి వెళ్తారు. ఐదేళ్ళుగా ఆ ముగ్గురిలో తెత్సురో ఉంటున్నాడు. ఆయన బండి పుంజుకునే తీరు చూసి హమామాత్సులో ఆ ఆట ఆడేవాళ్ళంతా 'తెత్సురో గేర్‌బాక్సు' అని ఒక పేరే పెట్టేశారు.

శుక్రవారం పొద్దున్న బట్టలారేసి, అత్తగారికి టీ ఇచ్చి, మిసావో వంటింటి బల్ల మీద పాత పత్రిక పరిచింది. మూరెడు పొడుగు బండి వెనకభాగం విప్పి గేర్‌బాక్సు బయటికి తీసింది. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. రెండు చిప్పలు విడదీస్తే లోపల పళ్ళచక్రాలు వరసగా కూర్చుని ఉంటాయి. వాటిని బ్రష్షుతో ఒక్కో పంటి సందూ తోమింది. ఉక్కు గుళ్ళు పన్నెండూ తెల్ల గిన్నెలోకి వంచి, పుల్లకొనతో కాస్త గ్రీజు అద్ది, ఒక్కొక్కటే పెద్ద చక్రం చుట్టూ ఉన్న రంధ్రాల్లో కూర్చోబెట్టింది. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రమూ బయటి చక్రమూ వేర్వేరు వేగాలతో తిరగాలంటే ఆ గుళ్ళు సాఫీగా దొర్లాలి. మర ఎక్కువ బిగిస్తే దొర్లవు, తక్కువ బిగిస్తే జారిపోతాయి. ఆమె కొద్దిగా బిగించి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తిప్పి చూసింది. మరి కాస్త బిగించి మళ్ళీ తిప్పింది. బియ్యప్పిండి ఉండల ముద్ద చెవి తమ్మెలా ఉండాలని చిన్నప్పుడు వాళ్ళ అమ్మ చెప్పేది. వేలికి ఆ మెత్తదనం తగిలినప్పుడు ఆగింది.

ఆ పెట్టెని రెండు రకాలుగా కట్టవచ్చు. మూడు పళ్ళచక్రాలతో కడితే బరువు ముందు చక్రాల మీద నిలుస్తుంది. నేల తడిగా, పట్టుగా ఉన్నప్పుడు మలుపులో ముక్కు చెప్పిన మాట వింటుంది. నాలుగో పళ్ళచక్రం చేరిస్తే మోటారు రెండోవైపుకి తిరగాలి. అప్పుడు వేగం అందుకుంటున్నప్పుడల్లా బండి తోక మీద కూర్చుంటుంది, పొడి దుమ్ములో కూడా వెనక చక్రాలు నేలని కరుచుకుంటాయి. పెట్టె మార్చినప్పుడల్లా మిసావో ఆఖర్న ఒక పని చేస్తుంది. మోటారుని అదుపుచేసే స్పీడు కంట్రోలరు మీది చిన్న మీటని రెండుసార్లు నొక్కుతుంది. ఎర్రదీపం పచ్చగా మారితే మోటారు తిరిగే వైపు మారినట్టు. రెండు క్షణాల పని. దాని గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

శనివారం మధ్యాహ్నం ట్రాకు పక్కన రేకుల షెడ్డులో క్లబ్బు వాళ్ళంతా కూడారు. కొత్తగా చేరినవాళ్ళకి తెత్సురో గేర్‌బాక్సు గురించి చెప్పాలని పెద్దాయన హిరోబె ఏర్పాటు చేశాడు. హిరోబె రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే వచ్చి ట్రాకు ఊడ్చేది, పోటీ రోజు మైకులో అరిచేది ఆయనే.

మిసావో టీ పోస్తోంది. తెత్సురో గేర్‌బాక్సు రెండు చిప్పలుగా విప్పి పట్టుకున్నాడు. చక్కటి గొంతు, చక్కటి చేతులు. పియానో పెట్టెలకి మెరుగు పెట్టే పని ఆయనది. ఆయన రంగులేసిన బండి తొడుగుల్ని చూస్తే చెయ్యి పెట్టాలంటే భయమేస్తుంది.

"మర ఎంత బిగించాలండీ?" అని అడిగాడు సెరిజావా. ఆయన పళ్ళ డాక్టరు, చేరి రెండు నెలలే అయింది. ప్రతి మాటా పుస్తకంలో రాసుకుంటున్నాడు.

"కొలత అంటూ లేదు," అన్నాడు తెత్సురో. "బొటనవేలితో తిప్పి చూడాలి. బియ్యప్పిండి ముద్ద ఉంటుంది చూశారూ, చెవి తమ్మెలా. అలా తగలాలి."

మిసావో చేతిలో కూజా ఆగింది. కప్పు నిండి పళ్ళెంలోకి ఒలికింది.

"చెవి తమ్మె," అని రాసుకున్నాడు సెరిజావా. నలుగురైదుగురు మగాళ్ళు తమ చెవి తమ్మెలు పట్టుకుని నొక్కి చూసుకున్నారు.

"అన్నా, ఎప్పుడన్నా పిండి కలిపిన మొహమేనా నీది?" అన్నాడు కుమెదా. లారీ నడుపుతాడు, తెత్సురోని చూస్తే ఆటపట్టించకుండా ఉండలేడు. "ఎవరు నేర్పారిదంతా?"

"ఎవరు నేర్పుతారు? చేస్తూ పోతే చేతికే తెలుస్తుంది," అన్నాడు తెత్సురో.

ఆ మాట అబద్ధమని ఆయనకి తోచినట్టు కూడా లేదు. అదే మిసావోకి ఎక్కువ గుచ్చుకుంది. ఒలికిన టీ తుడిచి, కూజా బల్ల మీద పెట్టి, గోడ దగ్గరికి నడిచింది. అక్కడ ఆదివారం పోటీ పేర్ల కాగితం వేలాడుతోంది. దారానికి కట్టిన పెన్సిలు అందుకుని, పదిహేనో గీత మీద తన పేరు రాసింది.

ముందు చూసింది కుమెదా. "వదినగారూ, అది సూపు చీటీ కాదండీ, పోటీ చీటీ."

"తెలుసు."

"మరి ప్రతి పోటీకీ మీరు కాచే సూపు?"

"ఏడింటికల్లా కాచి తెస్తాను. వేడి చేసుకోడానికి మీకు చేతులున్నాయిగా."

నవ్వులు లేచాయి. తెత్సురో చిప్పలు రెండూ పట్టుకునే ఇటు తిరిగాడు. "ఏ బండితో?"

"మీరు పారేసిన ముక్కలతో ఒకటి కట్టాను."

"నడపడం?"

మిసావో హిరోబె వంక చూసింది. మార్చి నెల నుంచీ వారంలో రెండు పొద్దుళ్ళు ఆయన ఊడ్చిన ట్రాకు మీద మొదటి చక్రాల గీతలు ఆమెవే. హిరోబె కళ్ళజోడు తుడుచుకుంటూ, "నడిపేవాళ్ళ మంచె మీద చోటుంది. మొదటి జట్టులో వేస్తాను," అన్నాడు.

ఇంటికొచ్చాక తెత్సురో కోపంగా లేడు. అలవాటు లేని కొత్త చెప్పులేసుకున్నవాడిలా ఉన్నాడు.

"సరదాగా నడుపు, మంచిదే," అన్నాడు. "నాకు మాత్రం మూడు చక్రాలది కట్టు. గురువారం వాన పడింది, నేల పట్టుగా ఉంటుంది. పేరున్నవాళ్ళంతా ఇప్పుడు మూడే వాడుతున్నారు."

"రేపు పదింటికి పడమటి గాలి లేస్తుంది. ఇవాళే తువ్వాళ్ళు నలభై నిమిషాల్లో ఆరాయి. మధ్యాహ్నానికి ట్రాకంతా దుమ్మే. నాలుగు పెట్టుకోండి."

"తువ్వాళ్ళు చూసి గేర్లు పెట్టేవాళ్ళని ఎక్కడా చూడలేదు."

"చూడకేం. ఐదేళ్ళ నుంచీ చూస్తున్నారు," అంది మిసావో. ఆయనకి వినపడిందో లేదో.

అడిగినట్టే మూడు చక్రాలది కట్టింది. అందులో ఏ లోపమూ చెయ్యలేదు. తన బండికి నాలుగు చక్రాలది కట్టింది. నాలుగు చక్రాలతోనే ఇంకొకటి కట్టి, పత్రిక ముక్కలో చుట్టి ఆయన పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి నది మీద మంచు ఇంకా విడలేదు. ట్రాకు ముదురు గోధుమరంగులో, అప్పుడే కోసిన బెల్లంలా ఉంది. మొత్తం మూడు వంతులు, ప్రతి వంతులోనూ రెండు జట్లు ఒకదాని తరవాత ఒకటి నడుపుతాయి. మూడు వంతుల్లో మంచివి రెండు లెక్కలోకి వస్తాయి. మొదటి జట్టు బండ్లు బోల్తా పడితే పోటీలో లేనివాళ్ళు లేపుతారు. ఆ జట్టు నడిపాక, వాళ్ళే ట్రాకు మూలల్లో నిలబడి రెండో జట్టు బండ్లు బోల్తా పడితే లేపాలి. తమ చోట నిలబడనివాళ్ళకి వాళ్ళ మంచి వంతు పోతుంది. ఈ నియమం విషయంలో హిరోబె తన సొంత తమ్ముణ్ణి కూడా వదల్లేదు.

మిసావో మంచె మెట్లెక్కింది. పైనుంచి చూస్తే బండి అగ్గిపెట్టెంత కనపడుతోంది. తెత్సురో పారేసిన తొడుగే దానికి తొడిగింది. ఎర్ర రంగు ఒకచోట పసుపులోకి కారిపోయిందని ఆయన వద్దనుకున్నది. దూరానికి ఆ మరక గుర్తుపట్టడానికి బాగుంది.

మొదటి వంతులో ఆమె బండి మలుపులు తిరగనన్నది. తడినేల మీద తోక మరీ గట్టిగా పట్టుకుంటుంటే ముక్కు తిన్నగా పోయి ట్రాకు అంచున పరిచిన గొట్టాలకి రాసుకుంది. ఏడో స్థానం. తెత్సురో బండి మాత్రం రిబ్బను కత్తిరించినట్టు పోయింది. రెండో స్థానం.

"వదినగారూ, మలుపులు కుడి వైపుక్కూడా ఉంటాయండీ," అన్నాడు కుమెదా.

"చూసుకుంటాను. మీ సూపులో ముల్లంగి అడుగున ఉంది, కలిపి పోసుకోండి."

పది దాటి పావుగంటకి షెడ్డు రేకులు దడదడలాడాయి. నదికి అవతలి పొలాల మీదుగా గాలి వచ్చింది. ముందు జెండా లేచింది, తరవాత టోపీలు లేచాయి, తరవాత ట్రాకు లేచింది. గంటలో బెల్లం రంగు పోయి నేల పిండి జల్లించినట్టయింది.

రెండో వంతులో మిసావో వేలు నొక్కగానే బండి వెనక్కి ఒదిగి ఎగిరి దూకింది. ఎగుడుదిగుళ్ళ వరస దగ్గర మిగతా బండ్లు తోకలూపుకుంటూ అడ్డం తిరుగుతుంటే ఆమెది దుమ్ముతోక కట్టుకుని తిన్నగా పోయింది. పెద్ద గుట్ట మీద నుంచి లేచి, ముక్కు కొద్దిగా పైకెత్తి, నాలుగు చక్రాల మీదా ఒకేసారి దిగింది. నవ్వుతూ కూనిరాగం తీస్తున్నానని ఆమెకి తెలియలేదు. పక్కనున్న సెరిజావా, "పాడుతున్నారాండీ?" అని అడిగాడు. మూడో స్థానం.

తెత్సురో బండి ఆ వంతులో తొమ్మిదిసార్లు గిర్రున తిరిగింది.

మధ్యాహ్నం హిరోబె ట్రాకు మీద నీళ్ళు కొట్టించాడు. "ఇక పట్టు వస్తుంది," అని తెత్సురో మూడు చక్రాలనే ఉంచుకున్నాడు. పావుగంటలో ఆ తడి ఎటుపోయిందో పోయింది. మూడో వంతుకి మొదటి జట్టుని పిలుస్తుండగా ఆయన మిసావో దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నాలుగు పెట్టాలి. త్వరగా పెట్టు."

"కట్టిందే ఉంది. మీ పెట్టెలో అడుగున, పత్రికలో చుట్టి."

"నువ్వు పెట్టు. నీకైతే పది నిమిషాలు."

"నన్ను పిలుస్తున్నారు."

"ఈ ఒక్క వంతూ వదిలెయ్ మిసావో. నేను తొయొహాషికి వెళ్ళద్దా?"

మైకులో హిరోబె ఆమె బండి నంబరు చదివాడు. మిసావో రిమోటు రెండు చేతులా పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆయన అడిగిన పని కాదన్నది ఎప్పుడో గుర్తు రాలేదు.

"ఇది వదిలితే నా లెక్కలోకి ఆ ఏడో స్థానం వచ్చేస్తుంది," అంది. "నేనూ వెళ్ళాలి. ఎనిమిది మరలు, మీరు పెట్టుకోగలరు. పెట్టాక ఆఖర్న ఆ..."

"తెలుసులే. నిన్న పాఠం చెప్పింది నేనేగా," అంటూ ఆయన అప్పటికే వెనక్కి తిరిగి పరిగెత్తుతున్నాడు.

వంతుకి ఐదు నిమిషాలు. మొదటి నిమిషంలో ఆమెని వెంటాడిన తెత్సురో ఆలోచన రెండో నిమిషంలో దుమ్ములో కొట్టుకుపోయింది. కుమెదా బండి సరిగ్గా ముందు పోతోంది. ఆమె లోపలివైపు సందు చూసింది, అక్కడ ఎవరూ పోరు, దుమ్ము మేట వేసి ఉంది. వేలు మెల్లిగా నొక్కింది. తోక కూర్చుంది, చక్రాలు కరిచాయి, ఎర్రమరక కుమెదా బండిని రాసుకోకుండా దాటిపోయింది. "ఓరి దేవుడో," అన్నాడు కుమెదా పక్కనుంచి, కళ్ళు ట్రాకు మీంచి తీయకుండానే. "మా వదిన ఏదీ, ఎవరీవిడ?" రెండో స్థానం.

మెట్లు దిగి, బండ్లు లేపేవాళ్ళ నారింజరంగు చొక్కా తొడుక్కుని, ఆమె తనకిచ్చిన మూలలో నిలబడింది. బయలుదేరే గీతకి పది అడుగుల్లో. గుండె ఇంకా మంచె మీదే ఉంది. రెండో జట్టు బండ్లు వరసగా పెట్టారు. తెత్సురో ఆఖరి క్షణంలో తన బండి తెచ్చి దించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ మంచె ఎక్కాడు.

హిరోబె ఒక్కో నంబరూ పిలుస్తున్నాడు. తెత్సురో నంబరు వచ్చింది. ఆయన బండి వెనక్కి దూకింది. గొట్టాల మీదెక్కి గడ్డిలో బోల్తా పడింది.

మిసావో పరిగెత్తి దాన్ని లేపింది. తొడుగు కింద నుంచి ఎర్రదీపం కనపడింది. చూడగానే అర్థమైంది. మీట వేలికి అందేంత దగ్గరలో ఉంది. కానీ మూలల్లో నిలబడేవాళ్ళు బండిని నిలబెట్టాలే తప్ప ఏదీ ముట్టుకోకూడదు. ఆమె దాన్ని గీత మీద ముక్కు ముందుకి పెట్టి వదిలింది. అది మళ్ళీ వెనక్కే వచ్చి ఆమె బూటుకి గుద్దుకుంది.

"అన్నా, తోకని ముందుకి పెట్టి నడుపు, గెలుస్తావు," అన్నాడు అవతలి మూల నుంచి కుమెదా.

"గేర్‌బాక్సు విరిగింది," అని మంచె మీంచి అరిచాడు తెత్సురో. "మిసావో, విరిగిందా చూడు."

అందరి చూపూ ఆమె మీద పడింది. గాలికి మైకు గరగరలాడింది. "మిసావో గారూ, ఏమైంది?" అన్నాడు హిరోబె.

"ఏమీ విరగలేదు," అంది మిసావో. గాలికి వినపడాలని గొంతు పెంచింది. అంత గట్టిగా మాట్లాడటం ఆ చోట అదే మొదలు. "నాలుగు చక్రాలు పెడితే మోటారుని రెండోవైపుకి తిప్పాలి. మీట రెండుసార్లు నొక్కాలి. నొక్కలేదు."

సెరిజావా నారింజ చొక్కా కింద నుంచి పుస్తకం తీసి కాగితాలు తిప్పాడు. "ఆ మాట నిన్న పాఠంలో రాలేదండీ," అన్నాడు చాలా మర్యాదగా.

"ఇంతకీ ఆ గేర్‌బాక్సు ఎవరు కట్టారు?" అని ఎవరో అడిగారు.

మిసావో మంచె వైపు చూసింది. తెత్సురో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఏం చెబుతుందోనని మిగతావాళ్ళలాగే ఎదురుచూస్తున్నాడు.

"నేను కట్టాను," అంది. "బండిలో పెట్టింది ఆయన."

తరవాత బండిని గడ్డిలో పక్కకి పెట్టి, తన మూలకి వెళ్ళి నిలబడింది. మిగతా బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో రెండు బోల్తా పడ్డాయి. రెండింటినీ లేపింది.

నాలుగింటికి హిరోబె ఫలితాల కాగితం అంటించాడు. మూడో గీత మీద ఆమె పేరు ఉంది. తెత్సురో పేరు ఎనిమిదో చోట ఉంది. మగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు తల వంచి వెళ్ళారు. సెరిజావా మాత్రం ఆగి, పుస్తకం తెరిచి, "చెవి తమ్మె మాట కూడా మీదేనాండీ?" అని అడిగాడు.

"మా అమ్మది," అంది మిసావో.

కారు వంతెన దాటుతున్నప్పుడు తెత్సురో, "ఆ గుట్ట మీద బాగా దింపావు," అన్నాడు.

ఇంట్లో ఫుమియె పెనం మీద మాంసం కూరిన గ్యోజాలు గుండ్రంగా పేర్చి, మూత పెట్టి చిటపటల్ని వింటోంది. పిండిపొరలు అడుగున ఎర్రగా వేగాక పెనాన్ని పళ్ళెం మీద బోర్లించి, మధ్య ఖాళీలో ఉడికించిన మొలకలు పోసింది. ముగ్గురూ కూర్చున్నారు.

"ఎవరు వెళ్తున్నారు తొయొహాషికి?" అంది ఫుమియె.

"మిసావో," అన్నాడు తెత్సురో.

ముసలావిడ కోడలి వంక చూసి, పళ్ళెంలో బాగా వేగిన గ్యోజాని ఏరి ఆమె గిన్నెలో వేసింది. "మరి నువ్వేం చేస్తావురా?"

"నేనూ వస్తాను. పెట్టె మోస్తాను." ఆయన మొలకల్ని చాలాసేపు కలియబెట్టాడు. ఆఖరికి తలెత్తకుండానే అడిగాడు. "అక్కడ నేల ఎర్రమట్టి. మూడు పెడతావా, నాలుగు పెడతావా?"

ఐదేళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఆయన అడగడం అదే మొదటిసారి. మిసావో నోట్లోది నమిలి మింగింది. నేల ఎలా ఉంటుందో, దాని మీద గాలి ఎటు నుంచి వస్తుందో, తన బండి ఏ మలుపులో ఎలా ఒదుగుతుందో అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరుగుతుంటే నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

"అక్కడికెళ్ళి నేల మీద చెయ్యి పెట్టి చూశాక నాది తేలుస్తాను," అంది. "ఇంకో మాట. ఇకనుంచి మీ గేర్‌బాక్సు నేను కట్టను. మీరే కట్టుకోవాలి. బుధవారం నా పక్కన కూర్చోండి, విప్పడం దగ్గర్నుంచీ మొదలుపెడదాం."

ఫుమియె చాప్‌స్టిక్కులు గాల్లో ఆగాయి. తెత్సురో పళ్ళెం వంకా, భార్య చేతుల వంకా చూశాడు.

"బుధవారం ఎన్నింటికి?" అన్నాడు.

"ఆరింటికి. ఆలస్యం చేస్తే మొదలుపెట్టేస్తాను."